ఇరుసుకూ ఊపిరి కావాలి

లీక్ అనగానే మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ముందు గుర్తొచ్చేది మెమొరీ లీక్. ప్రోగ్రాము నడుస్తున్నకొద్దీ జ్ఞాపకశక్తి కొంచెం కొంచెంగా కారిపోతుంది. సర్వర్ని ఓసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే అంతా బాగైపోయినట్టు కనిపిస్తుంది. వారం తిరిగేసరికి మళ్ళీ అదే ఫిర్యాదు. ఈసారి నేను రాయబోయేది నిజమైన లీక్ గురించి, అంటే చేతికి అంటుకునే, వాసనకొట్టే, నేలమీద మరకపడే లీక్ గురించి. లారీ చక్రంలో ఉండే హబ్ సీల్ అనే రబ్బరు ఉంగరం ఎందుకు కారుతుంది, మార్చినా మళ్ళీ ఎందుకు కారుతుంది, కారితే ఏం కొంప మునుగుతుంది అన్నదే విషయం.

నేను రియాద్‌లో కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. ఇక్కడ నాకు పరిచయమున్న ఒక సౌదీ పెద్దమనిషి దగ్గర పాత సైనిక ట్రక్కు ఒకటి ఉంది. వాళ్ళ నాన్నగారు ఎప్పుడో వేలంలో కొన్నారట. ఏడాదిలో ఎనిమిది నెలలు షెడ్డులో పడి ఉంటుంది. చలికాలం రాగానే గుడారాలు, నీళ్ళ పీపాలు, కట్టెలు, తివాచీలు వేసుకుని ఎడారిలోకి బయల్దేరుతుంది. ఇక్కడివాళ్ళు దాన్ని 'కష్తా' అంటారు. మన వనభోజనాల్లాంటిదే, వనం మాత్రం ఉండదు. ఆ ట్రక్కు వెనక చక్రం నూనె కారుతోందని, మూడుసార్లు బాగుచేయించినా మళ్ళీ కారుతోందని ఆయన వాపోతుంటే, పాత సనాయియాలో (రియాద్‌లో మెకానిక్ షెడ్లన్నీ గుంపుగా ఉండే పారిశ్రామిక ప్రాంతం) ఉన్న మా జగిత్యాల అన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ లారీల కింద పడుకుని పనిచేస్తున్న మనిషి. రెండు శుక్రవారాలు సాయంత్రాలు అక్కడే కూర్చుని చూశాను, అడిగాను, మధ్యమధ్యలో టార్చిలైటు పట్టుకున్నాను. నా సాయం అంతవరకే.

ముందు ఆ ట్రక్కు గురించి నాలుగు మాటలు. దాని పేరు ఎం35ఎ2. అమెరికా సైన్యంలో 'డ్యూస్ అండ్ ఎ హాఫ్' అని ముద్దుపేరు, అంటే రెండున్నర టన్నులది. రోడ్డు లేనిచోట మోయగల బరువు అది. మంచి రోడ్డుమీద అంతకు రెట్టింపు మోస్తుంది. మొదటి నమూనాలను 1950 ప్రాంతంలో రియో కంపెనీ తయారుచేసింది (రాన్సమ్ ఎలీ ఓల్డ్స్ అనే ఆయన పేరులోని పొడి అక్షరాలే రియో). తరవాత కైజర్ జీప్, ఎ.ఎం. జనరల్ కంపెనీలు చేశాయి. పది టైర్లు, మూడు ఇరుసులు, ఆరు చక్రాలకీ ఇంజను శక్తి, 24 వోల్టుల కరెంటు, డీజిలుతోబాటు ఇంకా నానా రకాల ఇంధనాలతో నడిచే 7.8 లీటర్ల మల్టీఫ్యూయల్ ఇంజను. అమెరికాతో స్నేహమున్న ఎన్నో దేశాల సైన్యాలకి ఈ కుటుంబం ట్రక్కులు చేరాయి. సౌదీ సంగతికొస్తే, 1960ల మధ్యలో అమెరికా సైన్యపు ఇంజనీర్ల దళం ఇక్కడి సైన్యానికి ట్రక్కులు, విడిభాగాలు సమకూర్చి, మరమ్మతులు నేర్పడానికి 'సౌదీ అరేబియన్ మొబిలిటీ ప్రోగ్రామ్' అని ఒక పెద్ద కార్యక్రమమే నడిపింది. మన ట్రక్కు ఎక్కడ కొలువు చేసిందో మాత్రం కాగితాల్లో లేదు.

ఇక అసలు విషయం. ఎడ్లబండి చూసినవాళ్ళకి ఇరుసు, కందెన కొత్తగా చెప్పక్కర్లేదు. బండిచక్రం కదలని ఇరుసుమీద తిరుగుతుంది, మధ్యలో కందెన. కారితే కారనీ, మళ్ళీ పూస్తారు. మోటారు బండిలో చిక్కేమిటంటే ఆ కందెన పక్కనే బ్రేకు ఉంటుంది. ఒకదానికి నునుపు కావాలి, రెండోదానికి గరుకు కావాలి. ఈ రెంటి మధ్యా గోడ ఆ రబ్బరు ఉంగరం ఒక్కటే.

ఈ ట్రక్కు వెనక ఇరుసును 'ఫుల్ ఫ్లోటింగ్' రకం అంటారు. ఇరుసు గొట్టం చివర స్పిండిల్ అనే బోలు కమ్మీ ఉంటుంది, అది తిరగదు. దానిమీద రెండు బేరింగులు, వాటిమీద హబ్, హబ్‌కి చక్రం. బండి బరువంతా మోసేది స్పిండిలూ బేరింగులూ. స్పిండిల్ లోపలినుంచి వచ్చే పొడుగాటి యాక్సిల్ షాఫ్టు చక్రాన్ని తిప్పుతుందే గాని బరువు మోయదు. అందుకే చక్రం నేలమీద ఉండగానే షాఫ్టును బయటికి లాగేయవచ్చు. మొదటిసారి చూసినప్పుడు ఇంద్రజాలంలా ఉంటుంది.

ఇరుసు మధ్యలో గేర్లు మునిగి ఉండే గేరాయిల్, ఆ షాఫ్టు వెంబడే స్పిండిల్ చివరిదాకా పాకుతుంది. అక్కడ చిన్న సీల్ ఒకటి కాపలా: గేరాయిల్ బేరింగుల గదిలోకి రాకుండా ఆపడం దాని పని, ఎందుకంటే ఈ ట్రక్కులో బేరింగులకి వేరే గ్రీజు పెడతారు. అది ఓడిపోతే గేరాయిల్ లోపలికి వచ్చి గ్రీజును కరిగించి పలచన చేస్తుంది. ఆ పలచటి ముద్దను ఆపాల్సింది హబ్ వెనకనున్న పెద్ద సీల్. అదీ ఓడిపోతే అవతల ఉన్నది బ్రేకు డ్రమ్మే. అంటే డ్రమ్ములో గేరాయిల్ కనిపించిందంటే ఒక గుమ్మం కాదు, రెండు గుమ్మాలు దాటి వచ్చిందన్నమాట. మూడు రసీదుల్లోనూ 'పెద్ద సీల్ మార్చాం' అని రాసి ఉంది. చిన్నదాని ఊసే లేదు.

ఇక్కడ భాష గురించి ఒక పిట్టకథ. సౌదీ షెడ్లలో ఆయిల్ సీల్‌ని 'సూఫా' అంటారు. సూఫ్ అంటే ఉన్ని. బేరింగు 'రుమ్మాన్', అంటే దానిమ్మపండు. లోపలి గుండ్లను చూస్తే ఎందుకన్నారో తెలుస్తుంది. బ్రేకు లైనరు 'గుమాష్', అంటే గుడ్డ. నవ్వొస్తుంది గాని ఉన్నీ గుడ్డా పూర్తిగా కవిత్వం కాదు. సింథటిక్ రబ్బరు రాకముందు ఉన్ని ఫెల్టు, తోలు సీళ్ళుగా పనిచేశాయి. తొలినాటి బ్రేకు లైనింగులు నిజంగానే నేసిన పట్టీలు. మన తెలుగు మెకానిక్కులు మూడు భాషలు కలిపి "సూఫా ఖరాబయింది, గుమాష్ తడిసింది" అంటుంటే నాకు మహా ముచ్చటగా ఉంటుంది.

సీల్ పనిచేసే తీరు చూడ్డానికి సులువే గాని లోతైనది. ఇనప ఉంగరానికి అతికించిన రబ్బరు పెదవి, ఆ పెదవిని లోపలికి నొక్కిపెట్టే సన్నటి స్ప్రింగు. పెదవి స్పిండిల్‌ని తాకే పట్టీ వెడల్పు మిల్లీమీటరులో ఒకటి, రెండు పదో వంతులు. పూర్తిగా పొడిగా తాకితే రాసుకుని కాలిపోతుంది కాబట్టి, మధ్యలో అతి సన్నని నూనె పొర ఉండాలి. ఆ పొర బయటికి కారకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా? పెదవికి నూనెవైపు వాలు నిటారుగా, గాలివైపు వాలు ఏటవాలుగా చెక్కుతారు. తిరుగుతున్నప్పుడు రబ్బరు మీది సూక్ష్మమైన గీతలు ఆ పొరను నెమ్మదిగా నూనెవైపుకే తోస్తుంటాయి. అంటే మంచి సీల్ ఉత్త అడ్డుగోడ కాదు, అదొక బుల్లి పంపు. మీటరు వ్యాసమున్న ఈ టైరు గంటకు 60 కి.మీ. వేగంలో నిమిషానికి మూడొందలసార్లకు పైగా తిరుగుతుంది. అన్ని తిరుగుళ్ళలోనూ ఆ పంపు పనిచేయాలి.

దీన్ని చెడగొట్టేవి చాలా ఉన్నాయి. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల సెల్సియస్ దాటి ఎక్కువకాలం ఉంటే బిరుసెక్కుతుంది. ఎనిమిది నెలలు కదలకుండా పడుంటే పెదవి ఒకేచోట అంటుకుని ఆకారం మారుతుంది. పెదవి కింద దుమ్ము చేరితే ఇనుముమీదే గాడి పడుతుంది. మెత్తటి రబ్బరు గట్టి ఉక్కును కోస్తుందంటే నమ్మబుద్ధి కాదు గాని, కోసేది రబ్బరు కాదు, దానిలో ఇరుక్కున్న ఇసక. బేరింగు వదులైతే హబ్ ఊగుతుంది, ఊగే హబ్ వెంట పెదవి పరిగెత్తలేదు. ఇవన్నీ ఒక్కొక్క చక్రానికి సంబంధించిన కారణాలు.

కాని రసీదులు ముందుపెట్టుకుని చూస్తే వేరే కథ కనిపించింది. మొదటిసారి చివరి ఇరుసు కుడి చక్రం. అయిదు నెలలకి అదే ఇరుసు ఎడమ చక్రం. తరవాత మళ్ళీ కుడి. ఇప్పుడు ఎడమ. మధ్య ఇరుసు జోలికి ఎవరూ వెళ్ళలేదు, దానికి అవసరమూ రాలేదు. రెండు చక్రాలు వంతులవారీగా కారుతున్నాయంటే తప్పు చక్రాల్లో కాదు, రెంటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లో వెతకాలి. నేను ఇంకా ఈ తర్కం పూర్తిచేయకముందే అన్న బండికింద దూరి ఇరుసు గొట్టం మీద వేలుపెట్టాడు.

"గిది సూడు సారూ, బ్రీదర్. ఉసికె నిండి రాయి లెక్క అయింది. దమ్ము దీసుకోనీకె తొవ్వ లేకుంటె లోపటి గాలి ఏడికెల్లి ఎల్తది? సీల్ కాడికెల్లే ఎల్తది."

ప్రతి ఇరుసు గొట్టానికీ పైన చిన్న మూత ఉన్న రంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని బ్రీదర్ అంటారు. లెక్క చూద్దాం. పొద్దున 30 డిగ్రీల దగ్గర ఇరుసు మూసుకుపోయి ఉందనుకోండి. గేర్ల రాపిడికి, రోడ్డు వేడికి లోపల 90 డిగ్రీలయింది. కెల్విన్‌లో చెప్పాలంటే 303 నుంచి 363. బిగించిన గదిలో గాలి ఒత్తిడి కూడా అదే నిష్పత్తిలో, అంటే సుమారు ఐదో వంతు పెరుగుతుంది. నూనె కూడా ఉబ్బి నాలుగు శాతం దాకా పెరిగి గాలికి ఉన్న చోటును తగ్గిస్తుంది కాబట్టి ఒత్తిడి ఇంకాస్త ఎక్కువే. వెరసి చదరపు అంగుళానికి మూడు, మూడున్నర పౌన్లు. టైరులోని గాలితో పోలిస్తే ఇది ఏపాటి అనిపిస్తుంది. కాని ఆ బుల్లి పంపుకి ఇది కొండంత. ఇరుసులో ఉన్న సీళ్ళలో ఏది బలహీనమో అది ముందు లొంగుతుంది. దాన్ని కొత్తది వేస్తే తరవాతి బలహీనమైనది లొంగుతుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ.

రాత్రికి ఇదే వ్యవహారం తిరగబడుతుంది. ఎడారిలో చలికాలపు రాత్రి బాగా చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుని, ఇరుసు బయటినుంచి గాలిని పీలుస్తుంది. బ్రీదర్ మూసుకుపోయింది కాబట్టి పీల్చే దారి కూడా సీల్ పెదవే. ఆ గాలితోబాటు సన్న దుమ్ము. పగలు నూనె బయటికి, రాత్రి దుమ్ము లోపలికి.

కారితే కారింది, నాలుగు చుక్కల నూనె పోతే నష్టమేమిటి అని ఆ పెద్దమనిషి కూడా మొదట్లో అనుకున్నాడట. రియాద్ నుంచి పడమరగా మక్కా రోడ్డు పట్టుకుంటే ఊరు దాటాక తువైక్ కొండ అంచునుంచి రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఖాళీ ట్రక్కు ఆరు టన్నులు, సామానుతో ఎనిమిదనుకుందాం. 200 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 15 మెగాజౌళ్ళ పైమాటే. ఆరు లీటర్ల నీళ్ళను పూర్తిగా ఆవిరి చేసేంత వేడి. ఇంజను కొంత పట్టుకుంటుంది, మిగిలిందంతా డ్రమ్ముల్లోకే పోవాలి. నూనెలో నానిన లైనరు పట్టదు. ముందు చక్రమైతే స్టీరింగు ఒక పక్కకి లాగి హెచ్చరిస్తుంది. వెనక చక్రమైతే ఏమీ తెలియదు. మిగతా చక్రాలు దాని వాటా కూడా మోసి వేడెక్కుతాయి, అంతే. ఆ మిగతావి కూడా చేతులెత్తేసే చోటు సాధారణంగా దిగుడు సగంలో ఉంటుంది. పైగా ఈ ఎ2 ట్రక్కులో బ్రేకు నూనె దారి ఆరు చక్రాలకీ కలిపి ఒక్కటే. ఇప్పటి బండ్లలోలాగా రెండు వేర్వేరు దారులు లేవు, ఒకటి పోతే రెండోది ఆదుకునే ఏర్పాటు లేదు. ఆయన ఆ దిగుడు దిగేది పక్కసీట్లో ఇద్దరు కొడుకులను కూర్చోబెట్టుకుని.

మొదటి శుక్రవారం విప్పడానికి సరిపోయింది. ముందు చక్రాలకి అడ్డు, జాకీ, జాకీని నమ్మకుండా కింద స్టాండ్లు. ఎడమవైపు చక్రాల నట్లు ఈ ట్రక్కులో ఉల్టా మరలవి: విప్పడానికి కుడివైపు తిప్పాలి. బోల్టు తలమీద చిన్న 'ఎల్' అక్షరం ఉంటుంది, మట్టిలో కనపడదు. ఇది తెలియని కుర్రాళ్ళు పానాకి గొట్టం తగిలించి బలమంతా పెట్టి బోల్టులు విరిచిన కథలు సనాయియాలో బోలెడు.

చక్రాలు తీశాక, షాఫ్టు చివరి పళ్ళానికున్న ఎనిమిది బోల్టులు విప్పి షాఫ్టు లాగాలి. లోపల పెద్ద నట్లు రెండు, మధ్యలో ఆ చిన్న సీల్. నట్లకి సుమారు మూడంగుళాల సాకెట్ కావాలి. ఉలి, సుత్తి పెట్టి కొట్టేవాళ్ళున్నారని మా నట్టు అంచుల మీది గాట్లు చూస్తేనే తెలిసిపోయింది. బ్రేకు షూలు వెనక్కి సడలించాక హబ్, డ్రమ్ము కలిసే బయటికి వస్తాయి. ఒక్క మనిషి మోసే బరువు కాదు.

లోపల నల్లటి ముద్ద. అది ఏ ద్రవమో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే బ్రేకు సిలిండరు కారినా డ్రమ్ము తడుస్తుంది. గేరాయిల్‌కి గంధకం వాసన, ఒకసారి పీలిస్తే మరిచిపోరు. మామూలు బ్రేకు నూనె నీళ్ళలో కలిసిపోతుంది, గేరాయిల్ తేలుతుంది. అమెరికా సైన్యం మాత్రం 1980ల మొదట్లో ఊదారంగు సిలికోన్ బ్రేకు నూనెకి మారింది. అది నీళ్ళలో కలవదు, మామూలు దానితోనూ కలవదు. పాత సైనిక బండిలో ఏదుందో చూడకుండా బజార్లో దొరికింది పోయకూడదు. మాది వాసనతోనే తేలిపోయింది.

షెడ్డులో సాయంగా ఉన్న కుర్రాడు గాలి గొట్టం పట్టుకుని డ్రమ్ము ఊదబోతే అన్న గట్టిగా కేక వేసి ఆపాడు. ఆ కాలపు బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ఊదితే కంటికి కనపడని ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది; దాని జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్ఫై ఏళ్ళు పడుతుంది. అప్పటికి ఈ కుర్రాడు ఇకామా ముగించుకుని సిరిసిల్లలోనో ఆర్మూరులోనో ఉంటాడు, ఏ డాక్టరుకీ రియాద్ డ్రమ్ము సంగతి తట్టదు. నీళ్ళు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేశారు. నూనె తాగిన లైనరును పెట్రోలు పోసి కాల్చి మళ్ళీ వాడటం మన ఊళ్ళలో చూశాను. పైన ఎండినట్టుంటుంది గాని డ్రమ్ము వేడెక్కగానే లోపల తాగిన నూనె మళ్ళీ చెమట పోస్తుంది. ఆస్బెస్టాస్ దైతే కాల్చడం ఇంకా ఘోరం. ఇరుసుకి రెండువైపులా లైనర్లు కొత్తవి వేయాల్సిందే. ఒకవైపే వేస్తే రెండు చక్రాలు రెండు రకాలుగా పట్టుకుంటాయి.

రెండో శుక్రవారం బిగింపు. స్పిండిల్‌మీద పెదవి తిరిగేచోట గోరు తగిలేంత గాడి ఉంది. దానికి స్పిండిల్ మార్చక్కర్లేదు, మిల్లీమీటరులో పావువంతు మందం ఉన్న ఉక్కు తొడుగులు దొరుకుతాయి, కొలత చూసుకుని ఎక్కించేయడమే. కొత్త సీల్‌ని సుత్తితో ఒక పక్క కొట్టకూడదు, చుట్టూ సమంగా దిగేలా వెడల్పాటి పళ్ళెం అడ్డుపెట్టి దించాలి. పెదవికి గ్రీజు రాయాలి, పొడిగా తిరిగితే మొదటి కిలోమీటర్లలోనే కాలుతుంది. స్పిండిల్ చివరి మరలు పెదవిని కోయకుండా టేపు చుట్టాలి. చిన్న సీల్‌కి ఒక చీలిక ఉంటుంది, అది స్పిండిల్ గాడిలో సరిగ్గా కూర్చోవాలి. ఇవన్నీ అమెరికా సైన్యపు మాన్యువల్ టి.ఎం. 9-2320-361-20లో ఉన్నాయి. సైన్యం రాతలు చదవడానికి చప్పగా ఉంటాయిగాని, బోల్టు దగ్గరనుంచి వాషరు దాకా బొమ్మ వేసి వరసగా చెప్పడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. మన ప్రాజెక్టు డాక్యుమెంట్లతో పోల్చుకుని సిగ్గుపడ్డాను.

అన్నిటికంటే నాజూకైన పని బేరింగు బిగింపు. హబ్‌ని తిప్పుతూ లోపలి నట్టు గట్టిగా బిగించి గుండ్లన్నీ సర్దుకున్నాక, కొద్దిగా వెనక్కి సడలించాలి. లారీల పరిశ్రమలో ఆమోదించిన ఆట 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్లు, అంటే ప్రింటరు కాగితం మందమంత, అంతకు మించితే కష్టం. అసలు చిక్కు తరవాత వస్తుంది. బయటి నట్టు బిగించగానే మరల్లో ఉన్న సందు సర్దుకుని లోపలి నట్టు కాస్త జరుగుతుంది, ఆట మారిపోతుంది. కాబట్టి రెండో నట్టు బిగించాకే కొలవాలి. అన్న చేత్తో ఊపి చూసి "బరాబరున్నది" అన్నాడు. నేను డయల్ గేజి తెచ్చి పెట్టించాను. 0.08 వచ్చింది. గేజి పెట్టకపోయినా బరాబరే, ఒప్పుకోవాలి.

చివర బ్రీదర్. కొత్తది వేసి ఊరుకుంటే ఏడాదిలో మళ్ళీ ఇసకే. దాని స్థానంలో ఒక గొట్టం బిగించి, ఛాసిస్ పైదాకా తీసుకెళ్ళి, చివర చిన్న ఫిల్టరు పెట్టాడు. దుమ్ము ఎత్తుకి తక్కువ చేరుతుంది. వాన పడి వాదీలో నీళ్ళు దాటాల్సొచ్చినా వేడి ఇరుసు నీళ్ళను పీల్చుకోదు. సీళ్ళు, లైనర్లు, తొడుగు, గ్రీజు అన్నిటికంటే ఆ గొట్టమూ ఫిల్టరే చవక.

నలభై కిలోమీటర్లు తిప్పుకొచ్చి నాలుగు వెనక హబ్‌లకీ థర్మామీటరు పెట్టాం. చివరి ఇరుసు రెండూ 58, 60. మధ్య ఇరుసు 59, 67. ఆ 67 ఎందుకో అన్నకి నచ్చలేదు. మధ్య ఇరుసు బ్రీదర్ మూతను వేలితో తిప్పి చూశాడు, కదల్లేదు.

"వచ్చే జుమ్మాకు ఇది ఇప్పుదాం సారూ, కారినంక కాదు," అన్నాడు. ట్రక్కు అక్కడే ఉంది.